ముత్యవ్వ ఇయ్యాల ఏం తిన్నది?

ఏప్రిల్ 13, 2021, మంగళవారం. రియాద్

ఉగాది జూమ్‌లోనే అయిపోయింది. ఎవరింట్లో పచ్చడి వాళ్ళు చేసుకుని కెమెరాకు చూపించుకున్నాం. పంచాంగ శ్రవణం సగంలో ఉండగా ఒకాయన మైకు ఆపడం మరిచిపోయి ఇండియాకు ఫోన్ మాట్లాడుతున్నాడు. "బెడ్డు దొరికిందా లేదా, అదొక్కటి చెప్పండ్రా" అని ఏడుస్తున్నాడు. పంతులుగారు చదవడం ఆపేశారు. మళ్ళీ మొదలుపెట్టమని ఎవరూ అనలేదు.

మా సేవా క్లబ్బు అధ్యక్షుడు కుమార్‌గారు అక్కడికక్కడే నిర్ణయం చెప్పేశారు. ఇకమీదట వేడుకలు లేవు. ఇక్కడి లేబర్ క్యాంపుల్లో ఉండి పనిచేసే మనవాళ్ళ ఇళ్ళల్లో ఎవరైనా ఆసుపత్రిలో ఉంటే, ఆ ఆసుపత్రికి మనం ఫోన్ చేసి సంగతి కనుక్కుని వాళ్ళకు చెప్పాలి. దానికోసం ఒక ఫోను, ఒక సిమ్ము. మహిళా విభాగం కన్వీనర్ని నేనే కాబట్టి అది నా దగ్గరే ఉంటుందనుకున్నాను. "స్వర్ణగారూ, మీకు స్కూల్ ఆన్‌లైన్ క్లాసులుంటాయి కదా, సుల్తానాతో షేర్ చేసుకోండి" అన్నారు.

సుల్తానా కడప అమ్మాయి. ఇక్కడొక పాలీక్లినిక్‌లో నర్సు. క్లబ్బులో చేరి ఏడాది కూడా కాలేదు. రంజాన్ ఉపవాసాలు ఇవాళే మొదలు. నీళ్ళు కూడా ముట్టకుండా అన్ని ఫోన్లు ఎలా మాట్లాడుతుందో ఏమో.

నాకేం అభ్యంతరం లేదు.

ఏప్రిల్ 17

మొదటి విడత ఫోను నా దగ్గరే. పని తేలికేం కాదు. జిల్లా ఆసుపత్రి లైను కలవాలి, కలిస్తే వార్డు వాళ్ళు ఎత్తాలి, ఎత్తితే వాళ్ళకు తీరిక ఉండాలి. వాళ్ళనూ అనడానికి లేదు. చెప్పింది చెప్పినట్టు రాసుకుని క్యాంపు వాళ్ళకు అలాగే చదివి వినిపిస్తున్నాను. ఒక్క మాట కలపను, ఒక్క మాట దాచను.

సులై క్యాంపులో సదానందం అని ఉన్నాడు. జగిత్యాల దగ్గర పల్లెటూరు. ఏసీ మెయింటెనెన్సు పని. భార్య ముత్యవ్వ ఆక్సిజన్ మీద ఉంది. ఒక్కతే కూతురు, డిగ్రీ చదువుతోంది, తల్లి దగ్గర ఆ పిల్లే ఉంటోంది. సాచురేషన్ ఎంతో, లీటర్లు ఎన్నో, అన్నీ చెప్పాను. ఓపిగ్గా విని అడిగాడు:

"ఇయ్యాల ఏం తిన్నది మేడం?"

"అది వాళ్ళు చెప్పరండీ."

"అట్లనా" అన్నాడు. ఫోను పెట్టలేదు. నేనే పెట్టేశాను. వెనక ఇంకో ఎనిమిది మందికి చేయాలి.

ఏప్రిల్ 22

ఫోను సుల్తానాకు ఇచ్చేశాను. ఇప్పుడు క్యాంపు వాళ్ళు నా సొంత నెంబరు సంపాదించి మరీ అడుగుతున్నారు, "ఆ నర్సమ్మ ఉన్నదా మేడం" అని. ఆమె వాళ్ళతో ఒక్కొక్కరితో అంతసేపు ఏం మాట్లాడుతుంది? ఆసుపత్రి వాళ్ళు నాకు చెప్పనిది ఆమెకు చెబుతున్నారా?

నర్సు కదా, నర్సులకు నర్సులు చెప్పుకుంటారేమో. అయ్యుండొచ్చు.

ఏప్రిల్ 26

డిగ్రీలో మూడేళ్ళు నా పక్కన కూర్చున్న మనిషి పోయింది. పేరు రాయలేను.

ఏప్రిల్ 30, శుక్రవారం

కుమార్‌గారి విల్లాలో ఇఫ్తార్ పొట్లాలు కట్టాం. ఖర్జూరాలు, లబన్ మజ్జిగ, సమోసా, నీళ్ళ సీసా. క్యాంపులకు పంచడానికి. కుమార్‌గారు ప్రతి పెట్టె మీదా క్లబ్బు స్టిక్కరు వేయించి ఫొటోలు తీయించారు. ఎవరూ నవ్వకూడదని ముందే చెప్పారు, ఇండియాలో పరిస్థితి అలా ఉన్నప్పుడు బాగోదని.

సాయంత్రం అస్ర్ నమాజు అయ్యాక నేను ప్లాస్టిక్ కవర్ల కోసం వెనక వసారాలోకి వెళ్ళాను. మెట్ల కింద సుల్తానా, గోడవైపు తిరిగి ఫోను మాట్లాడుతోంది. గొంతు బాగా తగ్గించింది. అయినా వినబడింది.

"ఎవురికీ చెప్పొద్దు పాపా. మీ నాయనకైతే అసలే చెప్పొద్దు. అంతా నేను చూస్కుంటా. నువ్వు ఫొటో పంపిచ్చు."

నన్ను చూసి ఉలిక్కిపడింది. "కవర్లా అక్కా? ఈడ లేవు, లోపల ఉండాయి" అని తానే తెచ్చిచ్చింది. ఎవరితో అని నేను అడగలేదు. తను చెప్పనూ లేదు. మామూలుగా ఆమె అడక్కుండానే అన్నీ చెబుతుంది.

తండ్రికి చెప్పకూడని మాట ఏమిటి? ఫొటో దేనికి?

మే 1

ఖఫ్జీలో పనిచేసే మావారు ఫోన్ చేస్తే చెప్పాను. ఉదయ్ అంతా విని, "నీకు క్లాసులో పిల్లలు చాలలేదా?" అన్నారు.

ఇది అనుమానం కాదు. ఇన్నేళ్ళు టీచరుగా ఉన్నాను. చీటీ పెట్టుకున్న పిల్లవాడు ఎలా కూర్చుంటాడో వెనకనుంచి చూసి చెప్పగలను. సుల్తానా మెట్ల కింద అలాగే నిలబడింది.

నిరుడు ఒక రాయచోటి ఆడమనిషి సంగతి క్లబ్బుకు వచ్చింది. వంటపని అని చెప్పి తెచ్చారు. మూడు ఇళ్ళు మార్చారు. ఫోను లాక్కున్నారు. చివరికి ఎంబసీ షెల్టరులో తేలింది. ఆమెను తెచ్చిన ఏజెంటు కూడా ఆడదే, మంచి మాటకారి, "అక్కా అక్కా" అని తిరిగేదట. మొదట అడిగింది ఫొటోనే.

ఇప్పుడు ఇండియాలో ఎన్ని ఇళ్ళల్లో ఆడపిల్లలు దిక్కులేకుండా ఉన్నారు! ఆ ఇళ్ళన్నిటి ఫోను నెంబర్లూ మేమే సేకరించి పెట్టాం. క్లబ్బే.

మే 4

పద్ధతి ప్రకారం ఫోను నాకు ఇవ్వాలి. తీసుకోవడానికి క్లినిక్ దగ్గరికి వెళ్ళాను. మాస్కు పైన కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. "ఈ వారం గూడా నేనే చూస్కుంటా లేక్కా. నీకు పరీక్షల పని ఉంటాది కదా" అంది.

"పర్వాలేదు, ఇవ్వు."

ఇచ్చింది. ఇస్తూ అంది కదా, "సదానందం అన్నకు మాత్రం నా సొంత నెంబరునుంచి చేస్తాండా అక్కా. ఆయప్పది నువ్వు చూడొద్దు."

"ఎందుకు?"

"అలవాటైనాడు కదా, అందుకు."

ఇంటికొచ్చి ఫోను చూశాను. సదానందం కూతురి నెంబరుతో మాటలన్నీ తుడిచేసి ఉన్నాయి. ఫొటో మాత్రం తుడవడం మరిచిపోయింది. తెల్లటి చుడీదారు వేసుకున్న పిల్ల, పందొమ్మిదో ఇరవయ్యో. గోడకు ఆనుకుని కెమెరా వైపు సూటిగా చూస్తోంది.

ఆ నెంబరుకు ఫోన్ చేశాను. ఎత్తింది.

"సృజనా? నేను రియాద్ క్లబ్బు నుంచి స్వర్ణ మేడంని."

"సుల్తానా మేడం ఏది?"

"ఈ వారం నేను చూస్తున్నానమ్మా. అమ్మకెలా ఉంది?"

"మా నాయినతోని మాట్లాడిన్రా?" అంది భయంగా. ఇంకా మాట్లాడలేదని చెబితే ఫోను పెట్టేసింది. మళ్ళీ చేస్తే స్విచాఫ్.

భయపెట్టి ఉంచారు ఆ పిల్లని. ఇంకేం కావాలి?

మే 5

సదానందానికి నేనే ఫోన్ చేశాను. సుల్తానా వద్దంది కాబట్టే చేశాను. గొంతు హుషారుగా ఉంది.

"మంచిగున్నది మేడం. నిన్న ఉప్మ తిన్నదట. కిటికి కాడి మంచం ఇయ్యున్రని నర్సులతోని కొట్లాడిందట." నవ్వాడు కూడా.

ఇన్నాళ్ళు ఆక్సిజన్ మీద ఉన్న మనిషి మంచం కోసం కొట్లాడుతుందా?

వార్డుకు చేశాను. మూడోసారికి ఎత్తారు. ఆ పేరుతో పేషెంటు లేరన్నారు. మిగతా వివరాలు బంధువులకే చెబుతామన్నారు.

డిశ్చార్జి చేసి ఉంటారు. తల్లి ఇంటికొచ్చేసింది. కూతుర్ని ఎక్కడికో పంపే ఏర్పాటు జరుగుతోంది. తండ్రికి తెలిస్తే ఒప్పుకోడని తల్లి ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నట్టు నమ్మిస్తున్నారు. తల్లికి తెలుసో లేదో. అన్నీ అతుకుతున్నాయి.

కుమార్‌గారికి చెప్పాను. "మై గాడ్. ఇది బయటికొస్తే క్లబ్ పేరు పోతుంది. ఎల్లుండి కోర్ కమిటీ పిలుద్దాం. అప్పటిదాకా మీరు, నేను, అంతే" అన్నారు.

మే 6

ఉదయ్‌కి చెప్పలేదు. రేపు అంతా తేలాక చెబుతాను.

రేపు ఏ చీర కట్టుకోవాలా అని ఆలోచించాను ఇందాక. ఎందుకు ఆలోచించానో.

మే 7, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

కుమార్‌గారి మజ్లిస్ గదిలో, అంటే అతిథుల హాల్లో, ఆరుగురం, ఎడం ఎడంగా కూర్చున్నాం. సుల్తానా చివర వచ్చింది. ఉపవాసం కదా, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఏదో పొట్లాల పని అనుకుని వచ్చినట్టుంది, చేతి సంచీలో కత్తెర కూడా తెచ్చుకుంది.

నేను ఫొటో చూపించాను. "ఎవరీ పిల్ల?"

"సదానందం అన్న కూతురు."

"ఈ ఫొటో నీకెందుకు? నాన్నకు చెప్పొద్దని ఆ పిల్లకు ఎందుకు నూరిపోశావు? ఆ మాటలన్నీ ఎందుకు తుడిచేశావు?"

కుమార్‌గారు చెయ్యెత్తి, "వన్ మినిట్ స్వర్ణగారూ, ఆమెను చెప్పనివ్వండి. సుల్తానా, యూ కెన్ బీ ఫ్రాంక్. ఎవరైనా ఏజెంటు నీ వెనకాల ఉన్నాడా?" అన్నారు.

ఏజెంటు అన్న మాట దగ్గర ఆమె తలెత్తింది. కుమార్‌గారిని కాదు, నన్ను చూసింది.

"నన్ను అట్లాటిదాన్ననుకుంటాండావా అక్కా?"

ఆమె సంచీ ఒళ్ళో పెట్టుకుంది.

"ఆ పాప వాళ్ళమ్మ లేదు. పోయిన నెలాఖర్లోనే చచ్చిపోయింది."

"మరి సదానందానికి రోజూ ఏం చెబుతున్నావు?" అని అడిగింది నేనే.

"ఉండాదని చెప్తాండా. బువ్వ తినిందని, నర్సులతో కొట్లాడిందని. ఆయప్ప ఏం తినిందని అడుగుతాడు కదా. వాళ్ళమ్మకు ఏవంటే ఇష్టం, ఎట్ల మాట్లాడ్తాదని పాపను అడిగి తెలుసుకుని, అట్లనే చెప్తాండా."

"కానీ ఎందుకు?"

"ఏంటికంటే, ఆ పాప మొత్తుకున్యాది అక్కా. అమ్మ పోయింది, నాయిన గూడ ఏమన్న చేస్కుంటే నాకెవలున్నరు మేడం అని. ఆయప్పకు షుగరు ఉండాది, మొన్ననే కోవిడ్ వచ్చి పోయింది. ఇప్పుడు ఊరికి పోతే మళ్ళ ఈ దేశంలోకి రానియ్యరు, పోకుంటే ఆ గదిలో పడి ఒగడే ఏడ్చల్ల. పండగ అయినాక వాళ్ళ మేనమామ నిదానంగా చెప్తాననినాడు. అంతవరకే. ఫొటో నేనే అడిగినా. మొకం చూడకుండా ఒగ ఆడపిల్లతో దినామూ ఏడుపు మాటలు ఎట్ల మాట్లాడేదని."

కుమార్‌గారే ముందు తేరుకున్నారు. ఉద్దేశం మంచిదే అన్నారు. కానీ క్లబ్బు క్రెడిబిలిటీ అన్నారు. ఒకరి విషయంలో అబద్ధం చెప్పామని తెలిస్తే ఇక మనం చెప్పేది ఏ క్యాంపులోనూ నమ్మరన్నారు. చివరికి తేల్చింది ఏమిటంటే, సుల్తానా ఇక ఫోన్లు చూడదు, సదానందానికి కూడా చేయదు. ఆయనకు నిజం చెప్పే బాధ్యత నాది.

"అక్కా, ఫోన్లో చెప్పొద్దు" అంది సుల్తానా లేస్తూ. "పోయి చెప్పు."

మే 8

ఏజెంటు అనుకోవడం నా పొరపాటే. కాదనను. కానీ అబద్ధం చెప్పడం నిజమే కదా. ఒక మనిషి భార్య చనిపోతే తెలుసుకునే హక్కు అతనికి లేదా? దానికి కూతురి అనుమతి, ఒక నర్సు అనుమతి కావాలా? నేను కదపకపోతే ఇది ఎన్నాళ్ళు నడిచేది?

కాబట్టి నేను చేసింది మొత్తం మీద సరైనదే.

మే 9

సదానందం నెంబరునుంచి సాయంత్రం మిస్డ్ కాల్. క్లబ్బు ఫోనుకు. సుల్తానా తన ఫోను ఎత్తి ఉండదు, అందుకని దీనికి చేసినట్టున్నాడు. నేను ఎత్తలేదు. పోయి చెప్పమంది కదా. ఉదయ్ వచ్చేదాకా అంతదూరం ఎలా వెళ్ళను?

మే 10

మళ్ళీ చేశాడు. ఎత్తలేదు.

క్యాబ్‌లో వెళ్ళొచ్చు. అది నాకూ తెలుసు.

మే 11, మంగళవారం

పండగ సెలవులకు ఉదయ్ నిన్న వచ్చారు. అంతా చెప్పాను. మధ్యాహ్నం కారు తీశారు.

సులైలో గోదాములు, లారీలు దాటి క్యాంపు. కోవిడ్ వల్ల బయటివాళ్ళను లోపలికి రానివ్వరు. సెక్యూరిటీ అతను పాకిస్తానీ. "కిస్ సే మిల్నా హై బాజీ" అని, ఎవరు కావాలో కనుక్కుని లోపలికి కబురు పంపాడు. ఇనుప గేటుకు ఇవతల నేను. ఎండకు ఊచలు ముట్టుకోలేనంత వేడిగా ఉన్నాయి. ఉదయ్ కారు దగ్గరే ఉండిపోయారు.

సదానందం వచ్చాడు. నేననుకున్నంత ముసలివాడు కాదు. జుట్టు మీద దూదిపీచు లాంటిది అంటుకుని ఉంది, ఏసీ డక్టులకు చుట్టే పీచు. వెనకాల ఇంకొకతను, వీళ్ళ ఊరివాడేనట, దేవన్న. అతను కొంచెం దూరంలో ఆగి, నేలకేసి చూస్తూ నిలబడ్డాడు.

"నమస్తే మేడం. ఇంత ఎండల వచ్చిన్రు."

కారులో వస్తూ నాలుగు వాక్యాలు తయారుచేసుకున్నాను. మొదటిది మొదలుపెట్టాను. "సదానందంగారూ, మీరు ధైర్యంగా ఉండాలి. మీ భార్య..."

"ఎర్కనే చెల్లె" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"ముత్యవ్వ సంగతే గదా? నాకెర్కే. మా ఊరోళ్ల గ్రూపుల ఆ దినమే వచ్చింది, ఫొటోకు దండేసి. ముందుగాల దేవన్న జూసిండు. నా ఫోను గుంజుకున్నడు. ఆయన మొకం జూస్తెనే నాకు సమజైంది."

దేవన్న అటు తిరిగి నిలబడ్డాడు.

"మరి... మరి సుల్తానాని రోజూ ఎందుకు అడిగారు? ఏం తిన్నదని?"

సదానందం గేటు ఊచ పట్టుకున్నాడు. ఆ వేడి తగలనట్టే పట్టుకున్నాడు.

"ఆమె పోయిన తెల్లారే ఆ నర్సమ్మ ఫోన్ జేసింది. 'అన్నా, వదిన ఇయ్యాల ఇడ్లి తినింది' అన్నది. నేనేమనాలె చెల్లె? కాదమ్మా, సచ్చిపోయింది గదా అని ఎట్లనాలె? నా బిడ్డనే చెప్పొద్దన్నదని నాకు తెలిసిపాయె. సరే తియ్యి, ఆళ్లకు గట్ల నిమ్మలమైతె గట్లనే కానీ అనుకున్న. రెండో దినం కిటికి కాడ మంచం కోసం కొట్లాడింది అని చెప్పింది. గది మా ముత్యవ్వ పనే. అచ్చం గట్లనే జేస్తది. నాకు నవ్వొచ్చింది. భార్య సచ్చి రెండు దినాలు కాలే, నవ్విన. ఇగ పొద్దంత ఆ డక్టుల పండుకోని పని చేసుకుంట, మాపటికి ఏం జెప్తదో అని చూసుడే."

నేను మాస్కు లోపలే పెదవి కొరుక్కున్నాను.

"నన్ను పిచ్చోడనుకోకు" అన్నాడు.

"లేదండీ."

"నువ్వు చెప్పినవు, మంచిదే. ఎవలో ఒకలు చెప్పాలె గదా. బిడ్డకు ఇయ్యాలనే ఫోన్ జేస్త. ఇప్పుడే తెలిసిందని ఏడుస్త. అది గూడ ఏడుస్తది, దాని బరువు గూడ దిగుతది." మెడలోని తుండుతో మొహం తుడుచుకున్నాడు. "ఒక్కటి మాత్రం యాదుంచుకో. నాకు ముందే ఎర్కని ఆ నర్సమ్మకు చెప్పకు."

"ఎందుకు?"

"ఉపాసముండుకుంట గన్ని దినాలు నా కోసం కతలు అల్లింది. అంత ఉత్తగనే పాయెనని బాధ పడతది."

తల ఊపాను. వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. నన్ను కాకుండా నా వెనక రోడ్డును చూస్తూ అడిగాడు.

"ఇగ ఫోను రాదు గదా?"

మే 11, మళ్ళీ

ఇందాకటి మాట దగ్గర ఆపేశాను. ఆయనకు నేనేం జవాబు చెప్పానో రాయలేదు. ఏమీ చెప్పలేదు. సెక్యూరిటీ అతను టైమైందన్నాడు, ఆ వంకతో వచ్చేశాను.

తిరుగు దారిలో ఉదయ్ అడిగారు, "చెప్పావా?" అని. చెప్పానన్నాను.

మే 12

పొద్దున్నుంచి ఒకటే ఆలోచన. ముత్యవ్వ పోయిందని నేను తప్ప అందరూ ఊహించగలిగినదే. ఆ పేరుతో పేషెంటు లేరని వార్డు వాళ్ళు చెప్పినప్పుడు నాకెందుకు తట్టలేదు? దేశమంతా చచ్చిపోతోంది, నాకు మాత్రం ఏజెంటు తట్టాడు. ఫోన్లలో అందరూ ఆమెనే అడుగుతున్నారని...

మే 13, గురువారం. ఈద్

సుల్తానా వచ్చింది. వస్తుందనుకోలేదు. స్టీలు డబ్బాలో షీర్ ఖుర్మా తెచ్చింది. కొత్త బట్టలు కావు, ఉతికి ఇస్త్రీ చేసినవి. ఈసారి ఎవురమూ కొనుక్కోలేదక్కా అంది.

కూర్చోమన్నాను. క్షమించమని అడగాలని నోటిదాకా వచ్చింది. ఆమె నన్ను ఆ మాట అననివ్వలేదు, ముందే అడిగేసింది.

"పోయినావా అక్కా? ఎట్ల తీస్కున్యాడు?"

ఇరవై ఏళ్ళుగా పిల్లలకు చెబుతూ వచ్చాను, అబద్ధం చెప్పేటప్పుడు కళ్ళు పక్కకు పోతాయని. నేను డబ్బా మూత తీస్తూ చెప్పకూడదనుకున్నాను. తలెత్తి, ఆమెనే చూస్తూ చెప్పాను.

"ఏడ్చాడు. గేటు పట్టుకుని నిలబడిపోయాడు. ఆయనకు అసలేమీ తెలియదు సుల్తానా. నువ్వు చెప్పినవన్నీ నమ్మాడు."

"నన్ను తిట్టినాడా?"

"లేదు. ఆ నర్సమ్మ వల్ల ఆ నాలుగు రోజులు నిద్రపోయాను అన్నాడు."

ఇది ఆయన అనలేదు. నేను కలిపాను.

సుల్తానా చాలాసేపు నా మొహంలోకి చూసింది. నమ్మలేదేమో అనిపించింది. ఆ మజ్లిస్ గదిలో నేను ఆమెను చూసినట్టే చూసింది. "దూరంనుంచి మాట్లాడినావు కదా? మాస్కు పెట్టుకున్యాడా?" అని అడిగింది. "నిజంగా ఏం తెలీదా ఆయప్పకు?"

"తెలీదు" అన్నాను.

చున్నీ అంచుతో కళ్ళు ఒత్తుకుని, "సల్లారకముందే తిను అక్కా" అంది.

మే 14

కుమార్‌గారికి మెసేజి పెట్టాను, ఫోన్ల పని మళ్ళీ సుల్తానాకే అప్పగించమని, కాదంటే నన్నూ తప్పించమని. ఇద్దరూ కావాలి, ఆవేశపడొద్దు అని జవాబిచ్చారు. చూద్దాం.

సృజనకు ఫోన్ చేశాను. ఈసారి పెట్టేయలేదు. నాయిన మస్తు ఏడ్చిండు మేడం అంది. తనూ ఏడ్చింది. ఇప్పుడు మంచిగనిపిస్తున్నది అంది.

మే 15, శనివారం

సాయంత్రం క్లబ్బు ఫోను మోగింది. సదానందం.

ఎత్తాను. ఏం మాట్లాడాలో తెలియలేదు. సుల్తానా అయితే ఏదో ఒకటి అల్లేది. బాగున్నారా అన్నాను. బాగున్న చెల్లె అన్నాడు. వెనక ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు.

"నీకు కతలు రావు గని," అన్నాడు, "నేను జెప్త, ఇంటవా?"

"చెప్పండి."

"మొదటిసారి సుట్టికి పోయినప్పుడు ఈడికెంచి పెద్ద దుప్పటి కొంట పోయిన. ఎర్రటిది, పులి బొమ్మది. వాడకట్టోళ్లందరు జూసిపోయిన్రు. ముత్యవ్వ దాన్ని కవరు గూడ చింపలే, దాచుకున్నది. గా యేడు తెగ వాన పడ్డది. తెల్లారి లేసి జూస్తె దుప్పటి లేదు. ఎవలన్న ఎత్తుకపోయిన్రా అని ఊరంత దేవులాడిన. కొట్టంల జూస్తె బర్రెదూడ పండుకోనుంది, మీద పులి బొమ్మ దుప్పటి. ఏందే ఇది, రియాద్ కెంచి మోసుకొచ్చిన గదనే అంటె, దానికి సలి పెడుతున్నది, నీకు పెడుతున్నదా అన్నది."

నవ్వుతున్నాడు. ఆ దూడ పెద్దదై బర్రె అయ్యాక దాన్ని అమ్మనిచ్చిందా లేదా అన్నది చెప్పడం మొదలుపెట్టాడు.

రేపటి పాఠం తయారుచేసుకోవాల్సి ఉంది. పొయ్యి మీద పాలు ఉన్నాయి. ఉదయ్‌ని చూసుకోమని చేత్తో సైగ చేసి బాల్కనీలోకి వచ్చి కూర్చున్నాను. మధ్యలో ఏమీ అడగలేదు.